బల్ల చరిచిన చేయి

బోరు మోటరు ట్రాక్టరెక్కిన దగ్గర కదా మనం ఆగింది. ఎక్కింది మరి. గుట్టకింది వాడ ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని చూస్తుండగానే ఇనుప పైపులు ఒక్కొక్కటే భూమి కడుపులోంచి బయటికి వచ్చాయి. ఆఖరికి మోటరు కూడా వచ్చింది, బురద కారుతూ, అప్పుడే పుట్టిన దున్నదూడలాగా. దాన్ని తొట్టిలో పడేసి, మీద గోనెపట్టా కప్పి, ట్రాక్టరు బైపాసు దిక్కు పోయింది. "మున్సిపల్ ఆర్డరు" అన్న రెండు ముక్కలు తప్ప మేస్త్రీ నోట్లోంచి ఇంకేమీ ఊడిపడలేదు.

బైపాసు పక్కన రంగురంగుల జెండాలు పాతిన కొత్త ప్లాట్ల వెంచరు ఉందనీ, అది చైర్మన్ రాజేశం బావమరిదిదనీ చంకలో పిల్లకు కూడా తెలుసు. ఆ ఆర్డరు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో మాత్రం ఎవరికీ తెలియదు. అందరి కళ్లూ సత్యవ్వ మీద పడ్డాయి. పడవా మరి? ఆ వాడ కౌన్సిలరు ఆమే.

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే తోవలో బస్సు డ్రైవరు ఒక్క తుమ్ము తుమ్మేలోపు దాటిపోయే ఊరు మైసమ్మపేట. అయినా మున్సిపాలిటీయే. వార్డులున్నాయి, వార్డుకో కౌన్సిలరు ఉన్నారు, వాళ్లందరి మీద ఒక చైర్మన్ ఉన్నాడు. కౌన్సిలర్ పని ఏమిటో చదువుకున్నవాళ్లు నాలుగు రకాలుగా చెబుతారేమో కానీ గుట్టకింది వాడలో మాత్రం పొద్దున్నే తలుపు కొట్టాల్సిన ఇల్లు కౌన్సిలర్ ఇల్లు. వీధి దీపం వెలగకపోతే సత్యవ్వ. మోరీ పొంగితే సత్యవ్వ. చచ్చిన కుక్కను ఎత్తించాలన్నా, ముసలామె పింఛను ఆగిపోయినా సత్యవ్వే. ఒకసారి మొగుడూ పెళ్లాల కొట్లాటలో తప్పెవరిదో తేలక, ఆ సంగతిని కూడా మున్సిపల్ మీటింగులో పెట్టమని తెచ్చారు. పదవికి ముందు వరినాట్లు వేసిన చేతులవి. మహిళా రిజర్వేషన్ వచ్చింది, వాడంతా కలిసి నిలబెట్టి గెలిపించింది. గెలిచిన తెల్లారి కూడా ఆమె నాటుకే పోయింది. ఆ మడిలో వరి ఈనినప్పుడు వెన్ను వంచి ముందుగా కౌన్సిలర్‌కే దండం పెట్టిందని గొల్లపల్లి దాకా చెప్పుకున్నారు.

ఇక ఆ బోరు నీళ్లంటారా, అంత తీపి నీళ్లు చుట్టుపక్కల ఎక్కడా లేవు. వాడకు పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు ముందు చెంబెడు నీళ్లు తాగి, పిల్లను చూడకుండానే సరే అని పోయేవాళ్లట. అబద్ధమైతే ఆ నీళ్ల మీద ఒట్టు. ఒట్టు పెట్టడానికి కూడా ఇప్పుడు నీళ్లు లేవు, అది వేరే సంగతి.

"కౌన్సిలరమ్మా, ఇగ ఏం జేద్దాం? బిందెలు బోర్లిచ్చి డప్పు కొట్టుకుందుమా?" అంది గంగమ్మ, మధ్యాహ్నం దాటినా నీళ్ల జాడ లేకపోయేసరికి. ఆమె సత్యవ్వ ఎదురింట్లో ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఆమె నాలుక బీడీ కత్తెరకంటే పదును.

సత్యవ్వ మొగుడు ఏసయ్య, మార్కెట్ యార్డులో హమాలీ, గోడకానుకుని నిలబడి కాలి బొటనవేలితో మన్ను గీకుతున్నాడు. "పోనీయవే. ట్యాంకరు అత్తదన్నరు గదా" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"ఎవలన్నరు?"

ఏసయ్య బొటనవేలు మన్నులో ఇంకా లోతుకు దిగింది.

"ట్యాంకరు ఎవడడిగిండు? నా బోరు నాకు గావాలె" అంది సత్యవ్వ. కొంగు బిగించింది. "బిందెలు పట్టుకోండ్రి. నిమ్మకాయలు గూడ పట్టుకోండ్రి. నడువుండ్రి."

నిమ్మకాయలెందుకో తెలియాలంటే ఆ రోజుల సంగతి కొంచెం చెప్పాలి.

తెలంగాణ కోసం ఊరూవాడా టెంట్లు వేసుకున్న ఎండాకాలం అది. మైసమ్మపేటలో మున్సిపల్ ఆఫీసు ముందర పడింది టెంటు. రోజుకో జట్టు రిలే దీక్షలో కూర్చునేది. ఒకరోజు టీచర్లు, ఒకరోజు మంగలివాళ్లు, ఒకరోజు ఆటోలవాళ్లు. పొద్దున దండలు వేసి కూర్చోబెట్టడం ఒక వాడ వంతు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగించి లేపడం ఇంకో వాడ వంతు. ఈ వంతును ఊరు గుళ్లో హారతి కంటే గట్టిగా పట్టుకుంది. ఎవరి వంతు రోజున వాళ్ల చేతి రసమే తాగాలి. వంతు తప్పి పక్కవాడి చేతి రసం తాగితే ఆ రోజు దీక్ష చేసినట్టే కాదు. ఒక పెద్దమనిషి తొందరపడి సోడా తాగితే, అతన్ని తెల్లారి మళ్లీ కూర్చోబెట్టారు.

ఆ రోజు దీక్ష వంతు మున్సిపల్ కౌన్సిల్‌ది. నిమ్మరసం వంతు గుట్టకింది వాడది.

టెంటులో పరుపుల మీద కౌన్సిలర్లంతా దండలతో కూర్చున్నారు. నడిమధ్యన రాజేశం, మెడలో బంతిపూలు చెవులదాకా. ఆకలన్నది పుట్టినప్పటినుంచి ఆయన గడప తొక్కలేదు. పొద్దున హోటలుకు పోతే ఇడ్లీలు ఆయనను చూసి తమంతట తామే సాంబారులో దూకేవని చెబుతారు. అట్లాంటి మనిషి ఆ రోజు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పైగా ఊరు బందు. టీ కొట్టు కూడా తెరవలేదు. మూడు దాటేసరికి ఆయన కళ్లు ఆఫీసు గోడ మీది గడియారానికి అతుక్కుపోయాయి.

పక్కనే మైకు పట్టుకుని మహేందర్. వయసులో అందరికంటే చిన్న కౌన్సిలరు, గొంతులో అందరికంటే పెద్ద. లాఠీ దెబ్బలు తిన్నవాడు, స్టేషన్లో పడుకున్నవాడు. వాడు జై తెలంగాణ అంటే చెట్ల మీద కొంగలు లేచేవి. సత్యవ్వకు వాడంటే సొంత తమ్ముడికంటే ఎక్కువ.

ఖాళీ బిందెల ఊరేగింపు టెంటు ముందు ఆగింది.

"ఏంది సత్తెవ్వా, గింత ఆలిస్యం? రా, కూసో. నీ జాగ నీకే ఉంచినం" అన్నాడు రాజేశం, చల్లగా.

"కూసునెటందుకు రాలే. మోటరేది?"

"ఏ మోటరు?"

"పొద్దుగాల ట్రాక్టరెక్కి నీ బావమరిది వెంచర్లకు సుట్టపుసూపుకు పోయింది సూడు, గా మోటరు."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. రాజేశం నవ్వలేదు. లోకల్ చానెల్ కెమెరా ఆన్‌లో ఉందో లేదో ఓరగా చూసుకున్నాడు. ఉంది. రెండు చేతులూ జోడించి జనం దిక్కు తిరిగాడు.

"సూస్తున్నరా అన్నలారా, అక్కలారా! ఢిల్లీని అడుగవలసిన రోజు ఇంటి పంచాయితీ పెడుతున్నది. పోరగాండ్లు పానాలిస్తున్నరు. గీ టెంటుల నిలబడి మోటర్ల ముచ్చట తీసుడంటే ఉద్యమానికి ద్రోహం జేసుడే."

ద్రోహం అన్న మాట వినగానే ఆడవాళ్లు వెనక్కి తగ్గారు. వాళ్ల పిల్లలు కూడా రైలు పట్టాల మీద పడుకున్నవాళ్లే, తన్నులు తిన్నవాళ్లే. ఆ మాటను వాళ్ల మొహాన కొడితే తట్టుకోలేరు. రాజేశానికి ఆ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే కొట్టాడు.

సత్యవ్వకు అరికాలి నుంచి మంట లేచింది.

"చైర్మన్ సాబ్, ఒక్కసారి ఎనుకకు తిరుగు. నీ ఎనుక కట్టిన బ్యానర్ మీద మొదటి మాట ఏముందో సదువు."

రాజేశం తిరగలేదు. జనం చదివారు. నీళ్లు, నిధులు, నియామకాలు.

"నీళ్లు! అన్నిటికంటె ముందుగాల నీళ్లు! గోదావరి నీళ్లు మనయి మనకే రావాలె అంటివి. మైకు పలిగేటట్టు ఒర్రితివి. మేం సప్పట్లు గొట్టినం. మరి గుట్టకింది నీళ్లు గుట్టకిందోళ్లయి గావా? గోదారికి ఒక నీతి, బోరుకు ఒక నీతా? ఆంధ్రోడు గుంజుకపోతే దోపిడి, నీ బావమరిది గుంజుకపోతే ఆర్డరా?"

ఈసారి చప్పట్లు పడ్డాయి. కూర్చున్న కౌన్సిలర్లలో కూడా ఇద్దరు ముగ్గురు చేతులు కలిపి, చైర్మన్ చూశాడని మళ్లీ విడదీశారు.

రాజేశం మెల్లగా దండ తీసి పక్కన పెట్టాడు. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి సత్యవ్వకు మొదటిసారి భయమేసింది.

"అడిగినవ్ గాబట్టి చెప్త సత్తెవ్వా. మోటరు నేను గుంజలే. కౌన్సిల్ గుంజింది. పోయిన మీటింగుల ఆమోదమైంది. మేనేజర్ సాబ్ ఈడనే ఉన్నడు, అడుగు. ఎవలు ఆమోదించిండ్రు? వీళ్లందరు. అందరికంటె గట్టిగ ఎవలు బల్ల సరిచిండ్రు? నువ్వే గదా. గాజులు పలిగేటట్టు!"

సత్యవ్వ కుడిచేయి తనంతట తానే ముడుచుకుంది.

మైసమ్మపేట కౌన్సిల్‌లో చేతులెత్తే అలవాటు లేదు. మొట్టమొదటి చైర్మన్‌కు చెవుడు. సభ్యులు 'ఆమోదం' అంటే వినపడేది కాదు, బల్ల చరిస్తే అదురు చేతికి తెలిసేది. ఆయన పోయాడు, చెవుడూ పోయింది, చరుపు మాత్రం మిగిలింది. మేనేజరు అంశం చదువుతాడు. చైర్మన్ "ఏమంటరు?" అంటాడు. సభ్యులు బల్ల చరుస్తారు. అయిపోయింది.

పోయిన మీటింగులో మొదటి అంశం, ప్రత్యేక తెలంగాణ కావాలని తీర్మానం. మేనేజరు చదవడం ముగించకముందే మహేందర్ లేచి జై తెలంగాణ అన్నాడు, బల్ల మీద గుద్దాడు. ఇక చూడాలి! ఆ చప్పుడుకు సున్నం పెచ్చులు రాలాయి. కోరుట్ల బస్టాండులో నిద్రపోతున్న కండక్టరు లేచి రైట్ రైట్ అన్నాడట. "ఆగకక్కా! కొట్టు! ఢిల్లీకి వినపడాలె!" అన్నాడు మహేందర్, సత్యవ్వ చెవిలో. సత్యవ్వ కొట్టింది. కళ్లు మూసుకుని కొట్టింది. గాజులు పగిలి అరచేతిలో దిగాయి, అయినా కొట్టింది. ఆ వారమంతా వాడలో ఆ చేయి చూపిస్తూ తిరిగింది. తెలంగాణ కోసం కారిన నెత్తురు, అంది. వాడంతా మురిసిపోయింది.

ఆ మోత కింద మేనేజరు మిగతా అంశాలు ఒకటి తర్వాత ఒకటి చదువుకుంటూ పోయాడన్నమాట. చైర్మన్ ఏమంటరు అంటూ పోయాడు. బల్ల ఎట్లాగూ మోగుతూనే ఉంది.

"మేనేజర్ సాబ్, నిజమా?"

ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ మేనేజరు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ఆ అద్దాలకు మురికి పోలేదు. "పదకొండో వార్డు గుట్టకింది వాడ మోటరు, పైపులు బైపాస్ కొత్త కాలనీకి మార్చుట. ఆమోదమైందమ్మా. నేను చదివిన. వినపడకపోతే నేనేం జేత్త?"

గంగమ్మ బిందె కింద పడేసింది. అది దొర్లుకుంటూ పోయి రాజేశం పరుపు దగ్గర ఆగింది. కానీ గంగమ్మ చూస్తున్నది రాజేశాన్ని కాదు.

"ఓ సత్తెవ్వా! నీ చెయ్యికి పసుపు పెట్టింది నేనే గదనే! నా ఇంట్లకెల్లి తెచ్చి, నా పైట సింపి కట్టు గట్టిన. మా నీళ్లు గాడ ఒప్పజెప్పి వచ్చిన చెయ్యికా నేను పసుపు బెట్టింది?"

ఐదేళ్లుగా ఏ తలుపు కొట్టినా "రా అక్కా" అన్న ఆడవాళ్లు ఇప్పుడు సత్యవ్వ చుట్టూ ఒక బిందె వెడల్పు జాగా వదిలి నిలబడ్డారు. ఆ జాగా దాటి ఒక్కరూ రాలేదు. అరచేతిలో మానిన గీత దురద పెట్టింది.

రాజేశం మళ్లీ దండ మెడలో వేసుకున్నాడు. "అయిందా? ఇగ కూసో బిడ్డా. దీక్ష జేద్దాం."

ఆ 'బిడ్డా' అన్న మాటే ఆయన కొంప ముంచింది.

"అవు. చెయ్యి నాదే" అంది సత్యవ్వ. గొంతు మొదట చిన్నగా వచ్చింది. "సప్పుడు గూడ నాదే. నేను అబద్ధమాడ. నేను తెలంగాణకు కొట్టిన. కండ్లు మూసుకొని దేవునికి మొక్కినట్టు కొట్టిన. నా మొక్కు కింద నువ్వు నీ బావమరిది మూట దాసినవ్. దొంగతనం ఎవడైన జేస్తడు రాజేశం. మా బాధను అడ్డం పెట్టుకొని మా ఇంట్లనే దొంగతనం జేసినోన్ని నిన్నే సూసిన!"

సాబ్ అన్న మాట ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు, రాజేశం తప్ప.

ఆమె గంగమ్మ దిక్కు తిరిగింది. "గంగా, నన్ను రేపు తిట్టు. ఎల్లుండి తన్ను. ఇయ్యాల ఒక్కటి జెప్పు. నిమ్మకాయలు తెచ్చినవా?"

గంగమ్మ ముక్కు చీదింది. "తెచ్చిన."

"నీళ్లు?"

"ఏడియి నీళ్లు!"

"ఇన్నరా?" అంది సత్యవ్వ జనంతో. "ఇయ్యాల వంతు మా వాడది. నిమ్మకాయలున్నయి, నీళ్లు లెవ్వు. మోటరు బోర్ల దిగినంక, నీళ్లు అచ్చినంక, రసం పిండుతం. అందాక దీక్ష నడుస్తది. రేపు, ఎల్లుండి. చైర్మన్ సాబ్ తెలంగాణకు పానమిస్తనన్నడు గదా. ఇయ్యనీ!"

ఒక్క క్షణం టెంటు నోరెళ్లబెట్టింది. తర్వాత ఆటో డ్రైవర్ల దిక్కునుంచి మొదలైన నవ్వు మంగలివాళ్ల మీదుగా టీచర్ల దాకా పాకింది. రాజేశం మనిషొకడు జీపులోంచి నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గంగమ్మ అడ్డం నిలబడింది.

"వంతు తప్పుతవా కొడుకా? కెమెరా సూస్తాంది. తాగమను మీ చైర్మన్‌ను, సూద్దాం!"

రాజేశం సీసా దిక్కు చూశాడు. కెమెరా దిక్కు చూశాడు. ఆయన కడుపు పులిపిల్లను మింగినట్టు గుర్రుమంది. మైకు పక్కనే ఉంది కాబట్టి ఆ గుర్రు మన్ను మిన్ను ఏకమయ్యేట్టు వినపడింది. బుగ్గారంలో వాన వస్తుందనుకుని ఆరబోసిన వడ్లు ఎత్తుకున్నారట.

సత్యవ్వ నవ్వలేదు. ఆమెకు నవ్వు వచ్చే చోటంతా మండిపోతోంది.

"మేనేజర్ సాబ్! ఒకపారి ఆమోదమైనదాన్ని తిరగేయాలంటె ఎట్ల?"

మేనేజరు చైర్మన్‌ను చూశాడు, జనాన్ని చూశాడు. జనమే ఎక్కువ కనిపించారు. "ప్రత్యేక సమావేశం పెట్టాలె. సభ్యులల్ల సగం మంది అడుగాలె."

"మరి గా మోత కింద ఇంకేమేం చదివినవో గూడ చెప్పు. వీళ్లు గూడ ఇనాలె గదా."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. పొద్దున్నుంచి తినని కౌన్సిలర్లు చెవులు రిక్కించారు. బస్టాండు పక్క కూరగాయల అంగడి జాగా కాంప్లెక్సుకు ఇచ్చుట. ఆరో వార్డుకు వచ్చిన దీపాలు కొత్త కాలనీకి మళ్లించుట. మేదరి వాడకు మంజూరైన మోరీ పని నిలిపివేయుట. ఒక్కొక్కటి బయటికి వస్తుంటే ఒక్కొక్క కౌన్సిలరు పరుపు మీద మోకాళ్ల మీదికి లేస్తున్నారు.

"నా అంగడా? మా అవ్వ గాడ్నే తోటకూర అమ్మింది!"

"నా దీపాలా? నేను వాడకట్టంత చెప్పిన, వస్తున్నయని!"

"మరి బల్ల సరిచినప్పుడు ఏడ వోయింది నీ అక్కల్, నీ తెలివి?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"ఇప్పుడు చేతులెత్తుండ్రి" అంది సత్యవ్వ. "సప్పుడొద్దు. బల్లలొద్దు. కండ్లు తెరుసుకొని, అందరు సూసేటట్టు, చేతులెత్తుండ్రి."

మొదట తన చేయి ఎత్తింది. గాజు గీత ఉన్న చేయి. అంగడి వార్డు ఆయన ఎత్తాడు. దీపాల వార్డు ఆమె ఎత్తింది. మోరీ ఆయన దండ తెంపి ఎత్తాడు. ఒక్కొక్కటే లేస్తుంటే ఆడవాళ్లు సత్యవ్వ చుట్టూ వదిలిన జాగా తెలియకుండానే చిన్నదవుతూ వచ్చింది. గంగమ్మ ఇప్పుడు సత్యవ్వ భుజానికి ఆనుకుని నిలబడి ఉంది. మేనేజరు చూపుడువేలితో గాలిలో లెక్కపెట్టాడు.

"ఇంకొక్కటి గావాలె."

మిగిలినవాళ్లంతా చైర్మన్ ఇంటి ఉప్పు తిన్నవాళ్లే. ఒక్కడు తప్ప. అందరి కళ్లూ మైకు పట్టుకున్న మహేందర్ మీద వాలాయి.

"తమ్మీ" అంది సత్యవ్వ. పొద్దున్నుంచి ఆ గొంతులో లేని మెత్తదనం వచ్చింది. "నువ్వేగదా నాకు కొట్టమన్నది. ఇప్పుడు లేపు."

మహేందర్ చెమట తుడుచుకున్నాడు. చేయి లేవలేదు. మైకు లేచింది.

"జై తెలంగాణ!"

ఆ మాట వింటే ఆ రోజుల్లో చచ్చినవాడు కూడా జై అనేవాడు. టెంటంతా జై అంది. "జై తెలంగాణ!" మళ్లీ జై అంది. డప్పులు అందుకున్నాయి. బిందెల మీద చేతులు పడ్డాయి. ఎత్తిన చేతులు పిడికిళ్లయ్యాయి, ఎవరి చేయి దేనికి లేచిందో కలగాపులగమైంది. మేనేజరు వేలు గాలిలో దారి తప్పింది. అదే మోత. అచ్చం అదే.

కానీ ఈసారి సత్యవ్వ కళ్లు మూసుకోలేదు.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. తల్లి సాంచాల కార్ఖానాలో కండెలు చుట్టేది. మరమగ్గాల ఆ మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లంతా పెదవులు చూసే ముచ్చట పెట్టుకుంటారు, నవ్వుకుంటారు, తిట్టుకుంటారు. సత్యవ్వకు మాటలు రాకముందే ఆ విద్య వచ్చింది. ఎన్నేళ్లయిందో దాన్ని వాడి.

రాజేశం మహేందర్ చెవి దగ్గరికి వంగాడు. పెదవులు కదిలాయి. సత్యవ్వ చూసింది. ఒక్కొక్క మాటా చూసింది.

ఆమె రెండు అంగల్లో మైకు పెట్టె దగ్గరికి పోయి తీగ పట్టుకుని గుంజింది. కుయ్‌మని అరిచి మైకు చచ్చింది. డప్పులు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఎండుటాకు పడితే వినపడేంత సద్దుమణిగాక, రాజేశం పెదవుల మీద చదివినదాన్ని సత్యవ్వ ఊరంతటికీ వినిపించింది.

"'చెయ్యి లేపినవంటె నీ ప్లాటు పోతది. ఒర్రు. ఇంక ఒర్రు.' గిదేనా రాజేశం నువ్వన్నది? ఒక్క మాటైన తప్పు వోయిందా?"

రాజేశం చేయి గబుక్కున మెడలోని దండను పట్టుకుంది. బంతిపూలు ఒకటొకటిగా ఊడి ఒళ్లో పడ్డాయి.

"ప్లాటా?" అంది గంగమ్మ. "మా పోరడు నీ ఎనుక తిరిగి లాఠీ దెబ్బలు తిన్నడు మహేందరూ. నువ్వు ప్లాటు తిన్నవా?"

మహేందర్ మొహం మొదట తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. దొరికిపోయినవాడి సిగ్గు కోపమై బయటికొచ్చింది.

"నన్నొక్కన్నే అంటరేందే? నేనొక్కన్నే తీసుకున్ననా? మీ వాడల ఎవలు ఒప్పుకోకుంటె, పొద్దుగాల ఒక్క మగోడు అడ్డం రాకుంట మోటరెట్ల లేసిందనుకున్నవక్కా?" అన్నాడు. వేలు ఎత్తి చూపించాడు. సత్యవ్వను కాదు, ఆమె వెనక, జనం అంచు దిక్కు. "గాయిన్ని అడుగు. మా ఏసన్నను అడుగు."

అందరూ తిరిగారు.

ఏసయ్య అప్పుడే వచ్చి నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. "కొట్లాట ఎందుకే, నీళ్లు తెచ్చిన. రసం పిండుండ్రి, అయిపోతది" అన్నాడు, ఏం జరిగిందో తెలియక.

అతని భుజం మీద బిందె ఉంది. నిండు బిందె. అంచుదాకా తొణుకుతోంది. సత్యవ్వ ఆ బిందెను చూడలేదు, కింద మట్టిలో అతని వెనక పడ్డ తడి గీతను చూసింది. ఆ గీత గుట్టకింది వాడ నుంచి రావడం లేదు. సందు మలుపు తిరిగి, పెట్రోలు బంకు దాటి, నేరుగా బైపాసు దిక్కు నుంచి వస్తోంది.